ది నైస్ బ్యాండ్‌ని ఎలా వినాలి: బాఖ్, బ్రూబెక్, హామండ్ ఆర్గాన్ మధ్య పది సాయంత్రాల దారి

ప్రోగ్రెసివ్ రాక్ ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరిని అడిగినా పింక్ ఫ్లాయిడ్, యెస్, జెనెసిస్, కింగ్ క్రిమ్సన్ అని చెప్తారు. మంచి పేర్లే, కాదనను. నేను మాత్రం ఇంకో మెట్టు కిందికి దిగి ది నైస్ దగ్గర మొదలుపెట్టమంటాను. లండన్‌లో 1967లో పుట్టి 1970 మార్చిలో ఆగిపోయిన బ్యాండ్ ఇది, మూడేళ్లు కూడా నిండలేదు. కానీ రాక్, జాజ్, వెస్టర్న్ క్లాసికల్ ఈ మూడూ ఒకే పాటలో ఎలా కూర్చుంటాయో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. ఎందుకంటే తర్వాత వచ్చిన బ్యాండ్లలో అతుకు కనపడదు, అంతా కలిసిపోయి ఉంటుంది. ఇక్కడ అతుకు వినిపిస్తుంది. ఎక్కడ బాఖ్ అయిపోయింది, ఎక్కడ జాజ్ అందుకుంది, ఎక్కడ డ్రమ్స్ వచ్చి రెండింటినీ లాక్కెళ్లాయి అన్నది కొంచెం చెవి పెడితే ఎవరికైనా తెలుస్తుంది. ఆ అతుకుల్ని పట్టుకోవడం నేర్పడమే ఈ మార్గదర్శి పని.

సంగీతం చదువుకుని ఉండక్కర్లేదు. చేత్తో తాళం వేయడం వస్తే చాలు, అదీ రాకపోతే రెండో మెట్టులో వచ్చేస్తుంది.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఫోన్ స్పీకర్‌లో వినకండి, ఇది మొదటి మాట. ఈ రికార్డింగుల్లో బేస్ గిటార్ చాలా పని చేస్తుంది, అది చిన్న స్పీకర్‌లో వినపడదు, వినపడకపోతే పాట మొత్తం ఆర్గాన్ గోలలా అనిపిస్తుంది. ఖరీదైనవి అక్కర్లేదు, మామూలు హెడ్‌ఫోన్స్ చాలు.

తర్వాత ఆల్బమ్‌లు. బ్యాండ్ పని చేసిన కాలానికి చెందినవి ఐదే: ‘ది థాట్స్ ఆఫ్ ఎమర్లిస్ట్ డేవ్‌జాక్’ (1968), ‘ఆర్స్ లాంగా వీటా బ్రెవిస్’ (1968), ‘నైస్’ (1969), ‘ఫైవ్ బ్రిడ్జెస్’ (1970), ‘ఎలిజీ’ (1971). ఈ ఐదు పేర్లూ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. వాళ్ల మొదటి కంపెనీ ఇమీడియట్ రికార్డ్స్ 1970లో దివాలా తీసింది, ఆ తర్వాత ఆ పాటలు రకరకాల చేతులు మారి, రకరకాల పేర్లతో సంకలనాలుగా వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. పేరు వేరు, బొమ్మ వేరు, లోపల పాటలు అవే. నేను తెలియక రెండు సీడీలు కొన్నాను, ఇంటికొచ్చి చూస్తే ముప్పావు వంతు పాటలు రెండింట్లోనూ ఒకటే. అమ్మినతను మార్చనన్నాడు. అందుకే చెప్తున్నాను, స్ట్రీమింగ్‌లో వెతికినా సరే, ఈ ఐదు పేర్లే వెతకండి.

మూడోది, మూల రచనల జాబితా. బ్రూబెక్ ‘బ్లూ రోండో’, బాఖ్ ఇటాలియన్ కాన్చెర్టో మూడో భాగం, బాఖ్ మూడో బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టో మొదటి భాగం, సిబేలియస్ కరేలియా సూట్‌లో ఇంటర్‌మెట్జో, డ్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ నాలుగో భాగం, చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ మూడో భాగం, బెర్న్‌స్టీన్ ‘అమెరికా’. వీళ్లలో బ్రూబెక్ జాజ్ పియానిస్టు, మిగతావాళ్లు పాశ్చాత్య స్వరకర్తలు. కాన్చెర్టో, సింఫనీ, సూట్ అంటే కొన్ని భాగాలుగా ఉండే రచనలు. అన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఈ మార్గదర్శి మొత్తానికీ నియమం ఒకటే: ముందు మూలం, ఆ వెంటనే నైస్ వెర్షన్, మళ్లీ ఒకసారి మూలం. మూడో విడత వదిలేయకండి, అసలు సంగతి బుర్రకెక్కేది అప్పుడే.

మొదటి మెట్టు: మనుషుల్ని పరిచయం చేసుకోండి

ఇది ఐదు నిమిషాల పని. పి.పి. ఆర్నాల్డ్ అని అమెరికన్ సోల్ గాయని, ఐక్ అండ్ టీనా టర్నర్ బృందంతో ఇంగ్లండ్ వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆమె వెనక వాయించడానికి 1967లో ఒక చిన్న బృందాన్ని కూర్చారు. ఆమె స్టేజీ మీదికి రాకముందు జనాన్ని వేడెక్కించడానికి ఈ కుర్రాళ్లు విడిగా కొంచెంసేపు వాయించేవాళ్లు, అది బాగా పేలింది, చివరికి వాళ్లే ఒక బ్యాండ్ అయ్యారు.

కీబోర్డులు, అంటే ముఖ్యంగా హామండ్ ఆర్గాన్, కీత్ ఎమర్సన్. బేస్, పాట లీ జాక్సన్, ఈయన న్యూకాజిల్ మనిషి, ఆ సంగతి తొమ్మిదో మెట్టులో పనికొస్తుంది. డ్రమ్స్ బ్రయన్ డేవిసన్. గిటార్ డేవిడ్ ఓలిస్ట్, ఆయన 1968లోనే వెళ్లిపోయాడు, ఆయన జాగాలో ఇంకో గిటారిస్టుని పెట్టుకోకుండా ముగ్గురే కొనసాగారు. ఇది పెద్ద విషయం. రాక్ బ్యాండ్‌లో గిటార్ లేదంటే ఆ ఖాళీ మొత్తం ఆర్గానే నింపాలి, అంచేత ఎమర్సన్ వాయించే తీరే మారిపోయింది.

రెండో మెట్టు: తొమ్మిది లెక్కపెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు. ఒక సాయంత్రం మొత్తం దీనికే ఇవ్వండి.

మోకాలి మీద చెయ్యి పెట్టండి. నోటితో ‘తక తక తక తకిట’ అనండి. ప్రతి ముక్క మొదటి అక్షరం మీద, అంటే ‘త’ మీద, ఒక దెబ్బ. మూడు పొట్టి దెబ్బలు, ఒక పొడుగు దెబ్బ. రెండు, రెండు, రెండు, మూడు కలిపితే తొమ్మిది. ఇదే మాట మూడుసార్లు అని, నాలుగోసారి ‘తకిట తకిట తకిట’ అనండి, అదీ తొమ్మిదే, కానీ విరుపు మారింది. ఈ నాలుగు వరసలూ కలిపి ఆగకుండా ఒక పది సార్లు అనండి. మొదట నాలుక తడబడుతుంది, వేగం తగ్గించుకోండి, నాలుగో వరస దగ్గర చెయ్యి తప్పితే మళ్లీ మొదటికి రండి.

ఇప్పుడు డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో రికార్డు చేసిన ‘బ్లూ రోండో’ పెట్టండి. మీరు నోటితో అంటున్నదే పియానో మీద మొదలవుతుంది. మొదటిసారి నాకు ఇది కుదిరినప్పుడు పాట ఆపి, లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను, అంత ఆనందమేసింది.

బ్రూబెక్‌కి ఈ లయ 1958లో ఇస్తాంబుల్ వీధుల్లో వాయించేవాళ్ల దగ్గర దొరికింది. అమెరికా ప్రభుత్వం పంపిన పర్యటన అది. ఆ ప్రయాణంలోనే ఆయన బృందం మన దేశానికీ వచ్చింది, మద్రాసులో మృదంగ విద్వాంసుడితో కూర్చుని వాయించారు కూడా. కాబట్టి మన మోకాలి మీద తాళం వేసి ఆయన పాటని లెక్కపెట్టడం పరాయి పనేమీ కాదు.

రోండో అంటే ఏమిటో కూడా ఇక్కడే తెలుసుకోండి. పల్లవి, చరణం, పల్లవి, ఇంకో చరణం, మళ్లీ పల్లవి. అంతే. తిరిగి తిరిగి వచ్చే పల్లవి ఉన్న కట్టడాన్ని పాశ్చాత్య సంగీతంలో రోండో అంటారు. బ్రూబెక్ పాటలో పల్లవి తొమ్మిదిలో నడుస్తుంది, మధ్యలో సోలోలు మామూలు నాలుగులో, బ్లూస్‌లో నడుస్తాయి. ఆ సోలోని మనం స్వరకల్పనలా వినొచ్చు: పట్టు ఉంది, ఆ పట్టు మీద మనోధర్మం, చివరికి ఎత్తుగడకి తిరిగి రావడం. తేడాలు చాలా ఉన్నాయి కానీ మొదటిసారి వినే చెవికి ఈ పోలిక సాయం చేస్తుంది.

మూడో మెట్టు: అదే పాట, ఒక దెబ్బ తీసేసి

నైస్ మొదటి ఆల్బమ్‌లో ‘రోండో’ పెట్టండి. ఎనిమిది నిమిషాలకు పైనే ఉంటుంది. బ్రూబెక్ ట్యూనే. కానీ తొమ్మిది పోయింది, నాలుగు వచ్చింది. ‘తక తక తక తకిట’ అని మొదలుపెట్టి చూడండి, కుదరదు, చెయ్యి పక్కకి జారుతుంది. ‘తకదిమి తకదిమి’ అనండి, గుర్రం మీద కూర్చున్నట్టు సరిగ్గా కుదురుతుంది.

ఇదే మొదటి అతుకు. బ్రూబెక్ దగ్గర ఆ ట్యూన్ కుంటుతూ, తిరుగుతూ, నవ్వుతూ నడుస్తుంది. వీళ్ల దగ్గర అది దౌడు తీస్తుంది. తొమ్మిదిలోని వంపు పోయింది, అది నష్టమే, నేను దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఆ వంపు పోయిన చోట డేవిసన్ డ్రమ్స్‌కి, జాక్సన్ బేస్‌కి పరిగెత్తే జాగా దొరికింది. క్లబ్బులో నిలబడి ఊగుతున్న జనానికి తొమ్మిది ఇస్తే కాళ్లు తప్పుతాయి, నాలుగు ఇస్తే తప్పవు.

రెండోసారి వినేటప్పుడు మధ్యలో ఎమర్సన్ బాఖ్ ఇటాలియన్ కాన్చెర్టోలోంచి ఒక ముక్క ఎత్తుకునే చోటు పట్టుకోండి. మూడో భాగం ముందే విని ఉంటే టక్కున దొరుకుతుంది. అమెరికన్ జాజ్ ట్యూన్, టర్కీ లయ తీసేసిన రాక్ తాళం, మధ్యలో 1735లో అచ్చయిన జర్మన్ రచన. ఈ మూడూ ఒక ఆర్గాన్ మీద, ఆగకుండా.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ ఆల్బమ్ మీద ఈ పాటకి బ్రూబెక్ పేరు వేయలేదు, బ్యాండ్ సభ్యుల పేర్లే వేశారు. అది తప్పు. ఎంత ఇష్టమైన బ్యాండ్ అయినా తప్పు తప్పే. అందుకే మూలం ముందు వినమని పట్టుబడుతున్నాను, అప్పుడైనా మన చెవిలో ఎవరి సొత్తు వాళ్లకి చెందుతుంది.

నాలుగో మెట్టు: ఆర్గాన్‌ని అర్థం చేసుకోండి

హార్మోనియం తెలిసినవాళ్లకి ఇది సులువు. హార్మోనియంలో మెట్టు నొక్కి ఉంచినంతసేపు, తిత్తి ఆడినంతసేపు స్వరం నిలబడుతుంది. హామండ్ ఆర్గాన్‌లో తిత్తి బదులు కరెంటు. లోపల అంచున గరుకులున్న లోహపు చక్రాలు మోటారుతో తిరుగుతుంటాయి, ఒక్కో చక్రం పక్కన అయస్కాంతం, తీగ చుట్ట ఉంటాయి, వాటిలోంచి శబ్దం పుడుతుంది. మెట్టుని మెల్లగా నొక్కినా గట్టిగా కొట్టినా శబ్దం అంతే ఉంటుంది, పియానోలా కాదు. శబ్దం పెంచడం, తగ్గించడం కాలి కింద పెడల్‌తో.

ఇక ఎమర్సన్ ఏం చేశాడంటే, దాని లోపాలన్నిటినీ వాద్యంగా మార్చాడు. ఆయన స్టేజీ మీద చిత్రహింస పెట్టింది ఎల్-100 అనే చిన్న మోడల్‌ని, పద్ధతిగా వాయించడానికి సి-3 అనే పెద్దది విడిగా ఉండేది. ఎల్-100 లోపల ప్రతిధ్వని కోసం స్ప్రింగులు ఉంటాయి. ఆర్గాన్‌ని పట్టుకుని కుదిపితే ఆ స్ప్రింగులు ఒకదానికొకటి కొట్టుకుని ఉరుములాంటి శబ్దం వస్తుంది. మోటారు స్విచ్ ఆపితే చక్రాలు నెమ్మదించి స్వరం కిందికి జారిపోతుంది. యాంప్లిఫయర్‌కి దగ్గరగా లాక్కెళ్తే గిటార్ లాగే ఊళ పెడుతుంది. ఆయన స్టేజీ మీద ఆర్గాన్‌లో కత్తులు గుచ్చడం గురించి చాలామంది వినే ఉంటారు. చూడ్డానికి ఆవేశం, కానీ దానికో పని ఉంది: మెట్ల మధ్య కత్తి దిగితే ఆ మెట్లు కిందికే ఉండిపోతాయి, స్వరం మోగుతూనే ఉంటుంది, చేతులు రెండూ ఖాళీ అవుతాయి. హార్మోనియంలో శ్రుతి మెట్టు నిలబడి ఉండడానికి పుల్ల దూర్చినట్టే. తర్వాత మోటర్‌హెడ్ బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న లెమ్మీ అప్పట్లో వీళ్ల సామాను చూసుకునేవాడు, అసలైన కత్తులు ఎమర్సన్ చేతికిచ్చింది ఆయనే.

ఈ మెట్టుకి అభ్యాసం: 1969 ఆల్బమ్ ‘నైస్’ రెండో వైపు (అప్పటి రికార్డుని తిప్పి వేస్తే వచ్చే సగం) న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ అనే హాల్లో లైవ్‌గా రికార్డు చేసిన ‘రోండో’ ఉంటుంది. అది వింటూ కళ్లు మూసుకుని, ఏది వేళ్లతో పుట్టిన శబ్దం, ఏది పెట్టెని కుదిపితే పుట్టిన శబ్దం అని విడదీయండి. రెండు మూడు సార్లకి తేలిగ్గా తెలిసిపోతుంది. మొదటి ఆల్బమ్ వెర్షన్‌తో పోల్చితే గిటార్ లేని తేడా కూడా అక్కడే తెలుస్తుంది.

ఐదో మెట్టు: ‘అమెరికా’

1968 వేసవి సింగిల్. మూలం బెర్న్‌స్టీన్ ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ కోసం రాసిన పాట. ముందు దాన్ని పెట్టి ‘తకిట తకిట తక తక తక’ అని లెక్కపెట్టండి. మూడు మూడు, రెండు రెండు రెండు. ఆరు మాత్రలే, కానీ ఒకసారి రెండు ముక్కలుగా, ఒకసారి మూడు ముక్కలుగా విరుగుతాయి. హుషారైన పాట, నాట్యానికి రాసింది.

తర్వాత నైస్ వెర్షన్. ఆ హుషారు ఎక్కడికి పోయిందో చూడండి. అదే ట్యూన్, ఆర్గాన్ దాన్ని కోపంగా పలుకుతుంది. మాటలు లేవు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌నీ, జూన్‌లో రాబర్ట్ కెనెడీనీ చంపారు, వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఆ కోపమే ఇది. మధ్యలో డ్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ నాలుగో భాగంలోని ట్యూన్ దూసుకొస్తుంది. దాన్ని ఊరికే పెట్టలేదు, డ్వోర్జాక్ ఆ సింఫనీని అమెరికాలో ఉండగా రాశాడు, మొదటిసారి వాయించింది న్యూయార్క్‌లో. ‘కొత్త ప్రపంచం’ అని పేరున్న సంగీతాన్ని తెచ్చి ‘అమెరికా’ పాట మధ్యలో కోపంగా వాయించడం అంటే, మాట లేకుండానే మాట చెప్పడం. చివర్లో ఒక చిన్న పిల్లాడి గొంతు ఒకే ఒక వాక్యం పలుకుతుంది, అది పి.పి. ఆర్నాల్డ్ కొడుకు గొంతు. మూడేళ్ల పసివాడు. హెడ్‌ఫోన్స్‌లో ఆ చోటు వస్తే ఇప్పటికీ నేను కదలకుండా కూర్చుంటాను.

1968 జూన్ 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఈ పాట వాయిస్తూ అమెరికా జెండా బొమ్మని స్టేజీ మీద కాల్చారు. హాలువాళ్లు బ్యాండ్‌ని నిషేధించారు. చాలామంది ఈ కథ చెప్పి పాటని వదిలేస్తారు. మీరు కథ పక్కన పెట్టి డ్వోర్జాక్ అతుకు దగ్గర చెవి పెట్టండి.

ఆరో మెట్టు: 1893

ఇది నేను వింటూ వింటూ గమనించిన సంగతి. డ్వోర్జాక్ ‘న్యూ వరల్డ్’ డిసెంబర్ 1893లో న్యూయార్క్‌లో, చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ అక్టోబర్ 1893లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, సిబేలియస్ కరేలియా సంగీతం నవంబర్ 1893లో హెల్సింకిలో మొదటిసారి వినిపించాయి. మూడు నెలలు, మూడు నగరాలు. ఆ మూడింటినీ ఈ బ్యాండ్ వాడుకుంది. కావాలని చేశారని నేను అనను, కానీ కారణం ఊహించడం కష్టం కాదు: ఆ కాలపు సింఫనీల్లో బలమైన ట్యూన్లు ఉంటాయి, కవాతు లయ ఉంటుంది, ఇత్తడి బాకాలు ఉంటాయి. రాక్ బ్యాండ్‌కి పట్టుకోవడానికి పిడి కావాలి, అది అక్కడ దొరుకుతుంది.

ఈ సాయంత్రం సిబేలియస్ ఇంటర్‌మెట్జో వినండి. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. తీగ వాద్యాలు సన్నగా వణుకుతుంటే దూరం నుంచి బాకాలు వినిపిస్తాయి, ఊరేగింపు ఒకటి మీవైపు నడుచుకుంటూ వచ్చి, మీ ముందు నుంచి దాటి, మళ్లీ దూరమవుతుంది. ఇప్పుడు ‘ఆర్స్ లాంగా’ మొదటి వైపున్న నైస్ వెర్షన్. ఊరేగింపు వస్తుంది, కానీ దాటిపోదు, మీ ముందే ఆగి చిందులేస్తుంది. మధ్యలో ఆర్గాన్ ట్యూన్ వదిలేసి శబ్దాల అడవిలోకి వెళ్లిపోయి, ఎప్పటికో తిరిగి వస్తుంది. కొందరికి ఆ మధ్య భాగం విసుగు. మొదటి రెండుసార్లు నాకూ విసుగే. మూడోసారి, బేస్ మాత్రమే వింటూ కూర్చున్నాను. జాక్సన్ ఎక్కడా ఆ నడకని వదలడు. ఆయన పట్టుకున్న దారం ఉంది కాబట్టే ఎమర్సన్ అంత దూరం వెళ్లి రాగలిగాడు.

ఏడో మెట్టు: ‘ఆర్స్ లాంగా’ రెండో వైపు

త్వరగా దాటేద్దాం. ఇది పందొమ్మిది నిమిషాల సూట్, ముక్కలు ముక్కలుగా ఉంటుంది, నిజం చెప్పాలంటే అన్ని ముక్కలూ నిలబడవు. డ్రమ్స్ సోలో పొడుగు. కానీ మూడో భాగంలో బాఖ్ మూడో బ్రాండెన్‌బర్గ్ వచ్చే చోటు కోసం వినండి. ఆర్కెస్ట్రా, బ్యాండ్ కలిసి వాయిస్తాయి. వింటే ఒక సంగతి తెలుస్తుంది: బాఖ్‌కి డ్రమ్స్ తోడు పెడితే పెద్దగా ఏమీ చెడదు, ఎందుకంటే ఆ రచనలో లయ ముందే బలంగా ఉంది. ఇళయరాజా పాటల్లో వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంటే కింద తబలా నడుస్తుంటుంది కదా, అది విని పెరిగిన చెవికి ఈ చోటు కొత్తగా అనిపించదు.

ఎనిమిదో మెట్టు: జాజ్ చెవి

ఇప్పటిదాకా ఆర్గాన్. ఈ సాయంత్రం పియానో. ‘నైస్’ ఆల్బమ్‌లో ‘హ్యాంగ్ ఆన్ టు ఎ డ్రీమ్’ వినండి, టిమ్ హార్డిన్ రాసిన పాట. తర్వాత ‘ఎలిజీ’లో అదే పాట లైవ్ వెర్షన్, అది పన్నెండు నిమిషాలు. పాట మొదట పాడతారు, తర్వాత పియానో దాన్ని విప్పడం మొదలుపెడుతుంది. మీ పని ఒక్కటే: పియానో ఎక్కడ తిరిగినా లోపల్లోపల పాట వరస పాడుకుంటూ ఉండండి. రాగం తెలిసిన పాటకి స్వరకల్పన వింటూ పల్లవి మనసులో అనుకుంటామే, అలా. వరస తప్పిపోతే ఫర్వాలేదు, తిరిగి పాట వచ్చినప్పుడు అందుకోండి.

లీ జాక్సన్ గొంతు గురించి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే చాలామంది ఆ గొంతు దగ్గరే ఆగిపోతారు. బొంగురు గొంతు, ఎత్తు స్వరాల్లో ఇబ్బంది పడుతుంది. మంచి గాయకుడు కాదు. కానీ నెమ్మది పాటల్లో, గొంతు తగ్గించి దాదాపు మాట్లాడినట్టు పాడినప్పుడు ఆయనలో ఒక నిజాయితీ ఉంటుంది, అది నాకు చాలా ఇష్టం. గట్టి పాటల్లో గొంతుని కాక బేస్‌ని వినండి.

తొమ్మిదో మెట్టు: ‘ఫైవ్ బ్రిడ్జెస్’, రెండు సాయంత్రాలు

ఇక్కడికి రావడానికే మిగతా మెట్లన్నీ.

న్యూకాజిల్ ఆర్ట్స్ ఫెస్టివల్ వాళ్లు అడిగితే రాసిన రచన. 1969 అక్టోబర్ 10న ఆ ఊరి సిటీ హాల్‌లో మొదటిసారి వాయించారు, వారం తర్వాత, అక్టోబర్ 17న క్రోయ్‌డన్ ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్‌లో సిన్ఫోనియా ఆఫ్ లండన్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు, కండక్టర్ జోసెఫ్ ఈగర్. ఆ సెప్టెంబర్‌లోనే డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ కూడా ఆల్బర్ట్ హాల్‌లో ఆర్కెస్ట్రాతో కచేరీ చేసింది, అంటే ఆ రోజుల్లో గాలి అటే వీస్తోంది.

పేరు ఊరి వంతెనలది. అప్పట్లో న్యూకాజిల్ దగ్గర టైన్ నది మీద ఐదు వంతెనలు ఉండేవి: రెడ్యూ, కింగ్ ఎడ్వర్డ్, హై లెవెల్, స్వింగ్, టైన్. జాక్సన్ పుట్టి పెరిగిన చోటు. సూట్‌లోనూ ఐదు భాగాలు. వంతెన అంటే రెండు ఒడ్లని కలిపేది, ఈ రచనలో ఒక ఒడ్డున ఆర్కెస్ట్రా, ఇంకో ఒడ్డున ముగ్గురు మనుషుల బ్యాండ్.

మొదటి సాయంత్రం సూట్ మాత్రమే, పద్దెనిమిది నిమిషాలు, రెండుసార్లు. మొదటి భాగం ఫాంటాసియా: ఆర్కెస్ట్రా మొదలుపెడుతుంది, పియానో ఒంటరిగా జవాబిస్తుంది. రెండో భాగంలో బ్యాండ్ ఒక్కటే, న్యూకాజిల్ బతుకు గురించిన పాట. మూడోది కోరేల్, అంటే చర్చి స్తోత్రంలా నెమ్మదిగా నడిచేది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. తీగ వాద్యాల మీద జాక్సన్ మెల్లగా పాడతాడు, ఆ పాట చరణానికీ చరణానికీ మధ్య పియానో, బేస్, డ్రమ్స్ జాజ్‌లోకి జారుకుంటాయి, మళ్లీ తీగలు వస్తాయి. అతుకు వినిపిస్తుంది, కానీ ఇక్కడ కుట్టు నొక్కినట్టు లేదు, తలుపు తీసి పక్కగదిలోకి వెళ్లినట్టు ఉంది. అదే మనుషులు, వేరే వెలుతురు.

నాలుగోది హై లెవెల్ ఫ్యూగ్. ఫ్యూగ్ అంటే: ఒక గొంతు ఒక చిన్న వరస మొదలుపెడుతుంది. అది పూర్తవగానే రెండో గొంతు అదే వరసని పంచమం నుంచి అందుకుంటుంది. మొదటి గొంతు ఆగదు, తోడుగా వేరే మాట చెప్తూ పోతుంది. తర్వాత మూడోది. అందరూ ఒకే మాటని వేరే వేరే సమయాల్లో పలుకుతుంటారు, గందరగోళం కాదు, పొందిక. ఎమర్సన్ ఇది పియానో మీద రెండు చేతులతో చేస్తాడు, కానీ వరస బాఖ్‌ది కాదు, జాజ్ విరుపులున్నది. ఆస్ట్రియన్ పియానిస్ట్ ఫ్రీడ్రిష్ గుల్డా ఇలాంటివి రాశాడు, ఆయన ప్రభావం ఉందని ఎమర్సనే చెప్పుకున్నాడు. హై లెవెల్ బ్రిడ్జి 1849 నాటిది, రెండంతస్తులు, పైన రైలు, కింద రోడ్డు. మన రాజమండ్రి రోడ్ కం రైలు వంతెనకి తలకిందులన్నమాట, అక్కడ గోదావరి మీద పైన బస్సులు, కింద రైలు. ఒకే స్తంభాల మీద రెండు దారులు ఒకేసారి నడవడం ఫ్యూగ్‌కి ఎంత సరిపోయే పేరో చూడండి. మొదటిసారి ఎడమ చెయ్యి మాత్రం వినండి, రెండోసారి కుడి చెయ్యి, మూడోసారి రెండూ.

ఐదోది ఫినాలే. రెండో భాగం పాట తిరిగొస్తుంది, ఈసారి జాజ్ ఊదేవాళ్లతో. వాళ్లెవరో ఒకసారి చూడండి: ట్రంపెట్ మీద కెనీ వీలర్, శాక్సఫోన్ల మీద అలన్ స్కిడ్‌మోర్, జో హారియట్ లాంటివాళ్లు. అప్పటి బ్రిటిష్ జాజ్‌లో గట్టి మనుషులు. జో హారియట్ జమైకాలో పుట్టినవాడు, కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్‌తో కలిసి అంతకు రెండు మూడేళ్ల ముందే సితార్, తబలాలతో ఇండో-జాజ్ రికార్డులు చేశాడు. ఇష్టమైతే తర్వాత అవి కూడా వెతుక్కోండి, అవి వినడం మొదలుపెడితే ఇంకో దారి తెరుచుకుంటుంది.

రెండో సాయంత్రం ఆల్బమ్ రెండో వైపు. కరేలియా మళ్లీ ఉంటుంది, ఈసారి ఆర్కెస్ట్రా మొదలుపెట్టి బ్యాండ్‌కి అందిస్తుంది. చైకోవ్‌స్కీ మూడో భాగం కవాతు కూడా అలాగే చేతులు మారుతుంది. రెండు చోట్లా ఒకటే పని: ఆర్కెస్ట్రా ఆగి డ్రమ్స్ అందుకునే క్షణం దగ్గర వేగం ఎంత మారిందో మోకాలి మీద చూసుకోండి. కొన్ని చోట్ల మీ చెయ్యి తడబడుతుంది. తప్పు మీది కాదు, యాభైమంది ఒకేసారి అడుగు వేసేది ఒక రకం, ముగ్గురు వేసేది ఇంకో రకం, ఆ తేడా రికార్డులో దాచలేదు. ఆ తర్వాత బాబ్ డిలన్ ‘కంట్రీ పై’ని బాఖ్ ఆరో బ్రాండెన్‌బర్గ్‌తో కలిపి వాయించినది ఉంటుంది. చిన్నదే, కానీ ఈ బ్యాండ్ ఆటలాడుకుంటూ ఎంత హాయిగా ఉంటుందో అందులో తెలుస్తుంది.

పదో మెట్టు: ఆ తర్వాత

‘ఎలిజీ’ బ్యాండ్ విడిపోయాక వచ్చింది, ఎడారి ఇసుక మీద ఎర్ర బంతుల వరస ఉన్న అట్ట. అందులో చైకోవ్‌స్కీ ముక్కని ఆర్కెస్ట్రా లేకుండా ముగ్గురే వాయించారు. ‘ఫైవ్ బ్రిడ్జెస్’ వెర్షన్ పక్కన పెట్టి వినండి. నా మటుకు నాకు ఆర్కెస్ట్రా లేనిదే బాగుంటుంది, ఆర్గాన్ ఒక్కటే అన్ని వాద్యాల పనీ మీద వేసుకుని మోస్తుంటే వినడంలో ఒక ఉత్కంఠ ఉంది.

ఎమర్సన్ 1970లోనే గ్రెగ్ లేక్, కార్ల్ పామర్‌లతో ఎమర్సన్, లేక్ అండ్ పామర్ మొదలుపెట్టాడు. అదే ఏడాది ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ పండగలో వాయించారు. అక్కడి నుంచి మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు, పెద్ద స్టేడియాలు. జాక్సన్, డేవిసన్ కొన్నేళ్ల తర్వాత స్విస్ కీబోర్డిస్ట్ పాట్రిక్ మొరాజ్‌తో రెఫ్యూజీ అని ఒక్క ఆల్బమ్ చేశారు, 1974లో. చాలామందికి తెలియదు, తప్పకుండా వినండి. డేవిసన్ 2008లో, ఎమర్సన్ 2016 మార్చిలో పోయారు.

పది సాయంత్రాలు అయ్యాక ఒక పని చేయండి. మూలాలేవీ పెట్టుకోకుండా మొదటి ఆల్బమ్ ‘రోండో’ మళ్లీ పెట్టి, డ్రమ్స్ నాలుగులో పరిగెడుతుంటే దాని పైన నెమ్మదిగా బ్రూబెక్ తొమ్మిదిని నోటితో అనడానికి ప్రయత్నించండి. తక తక తక తకిట. తప్పుతుంది, మళ్లీ అందుకోండి. ముప్పై ఆరు మాత్రలకోసారి రెండూ ఒకే దెబ్బ దగ్గర కలుస్తాయి.